తొరపల్లి రాజాజీ: అందరికీ అందే మాట కోసం

హోసూరుకు కొద్ది దూరంలో తొరపల్లి అనే ఊరుంది. ఆ ఊళ్లో ఒక ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారక మందిరంగా కాపాడుతోంది. 1878 డిసెంబరు 10న ఆ ఊళ్లో పుట్టిన బిడ్డ చక్రవర్తి రాజగోపాలాచారి. దేశమంతా ఆయన్ని రాజాజీ అని పిలిచింది. స్వతంత్ర భారతదేశానికి గవర్నర్ జనరల్‌గా పనిచేసిన ఏకైక భారతీయుడు ఆయనే. ఈ సంగతి మన జిల్లా పిల్లల్లో చాలామందికి తెలుసు. పోటీల్లో ఈ ప్రశ్న అడిగితే టక్కున చెయ్యెత్తుతారు కూడా.

రాజాజీ జీవితంలో మన తెలుగు బడుల పిల్లలు తప్పక తెలుసుకోవలసిన మరో వైపు ఉంది. వేరువేరు భాషల మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలి అన్న ప్రశ్న జీవితాంతం ఆయన వెంట నడిచింది. తంతి, అచ్చు, రేడియో దేశాన్ని దగ్గర చేస్తున్న రోజుల్లో ఆయన బతికారు. ఆ సాధనాల మీదుగా ఏ భాషలో మాట వెళ్లాలన్న దాని మీద ఒకసారి ఒక జవాబు ఇచ్చారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి దానికి పూర్తిగా ఎదురుగా ఉన్న జవాబు ఇచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో తమిళం, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు వాడే మనకు ఆ కథ చాలా దగ్గరిది.

భాషలు కలిసే చోట పుట్టి

తొరపల్లి చుట్టుపక్కల నేల ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. నంది కొండల వైపు నుంచి వచ్చే దక్షిణ పెన్న మన పక్కగా పారుతుంది. పడమటికి వెళ్తే కన్నడం, ఉత్తరానికి వెళ్తే తెలుగు, దక్షిణానికి వెళ్తే తమిళం. సంతలో బేరమాడే అవ్వకు ఈ మూడూ వస్తాయి. ఏ భాష ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గీసి చూపడం కష్టం. ఈ ప్రాంతం మైసూరు పాలకుల చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చింది. 1792లో కృష్ణగిరితో కూడిన బారామహల్, 1799లో హోసూరు వైపు సీమ ఇంగ్లీషు వాళ్ల కిందికి వెళ్లాయి. రాజాజీ పుట్టేనాటికి ఇదంతా సేలం జిల్లా.

తండ్రి చక్రవర్తి వెంకటార్య అయ్యంగారు తొరపల్లి మునసబు. తల్లి సింగారమ్మ. తమిళ అయ్యంగార్ల కుటుంబం. పిల్లవాడికి అయిదేళ్లప్పుడు కుటుంబం హోసూరు చేరింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో చదువు మొదలైంది. తర్వాత బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివి 1894లో పట్టా పుచ్చుకున్నారు. అక్కడి నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో న్యాయశాస్త్రం. ఇరవై ఏళ్లు నిండేలోపే ఆయన కాలు మోపిన మూడు ఊళ్లలో మూడు భాషల గాలి వీచేది. పైచదువు మాత్రం అంతటా ఇంగ్లీషే.

ఆ రోజుల్లో చదువుకున్న కుర్రవాడికి ఇంగ్లీషు పట్నానికి దారి చూపేది. అదే ఇంగ్లీషు అతన్ని ఊళ్లోవాళ్లకు దూరం చేసేది. కోర్టులో వకీలు ఏమంటున్నాడో కేసు వేసిన రైతుకు తెలిసేది కాదు. తన పొలం గురించే వాదన జరుగుతుంటే బోనుకు అవతల నిలబడి ముఖాలు చూస్తూ ఉండేవాడు. 1900లో సేలంలో వకీలుగా బల్ల వేసిన రాజాజీ ఇలాంటి లోకంలోకే అడుగుపెట్టారు.

శాస్త్రానికి ఊరి మాటలు

సేలంలో ఆయనకు మంచి పేరు వచ్చింది. 1911లో పురపాలక సంఘం సభ్యుడయ్యారు. 1917లో అధ్యక్షుడయ్యారు. దేశద్రోహం నేరం మోపిన పి. వరదరాజులు నాయుడు తరఫున వాదించింది ఈ కాలంలోనే. ఆ వరదరాజులు నాయుడే తర్వాత 1932లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికను ప్రారంభించారు.

వకీలు పని మధ్యలో రాజాజీ తలకెత్తుకున్న మరో పని గురించి చాలామందికి తెలియదు. 1916లో ఆయన తమిళ శాస్త్ర పదాల కోసం ఒక సంఘం పెట్టారు. రసాయన, భౌతిక, గణిత, ఖగోళ, జీవ శాస్త్రాల్లోని మాటలకు తేలికైన తమిళ మాటలు తయారుచేయడం దాని ఉద్దేశం. అదే ఏడాది ఆయన భార్య అలమేలు మంగమ్మ చనిపోయారు. అయిదుగురు పిల్లల బాధ్యత ఆయన మీద పడింది. ఆ కష్టకాలంలోనూ మాటల పని వదలలేదు.

ఈ పని ఎంత ముఖ్యమైనదో ఒక ఉదాహరణతో చూద్దాం. పాలు తోడుకోవడం ఇంటింటా జరుగుతుంది. రాత్రి కాస్త మజ్జిగ చుక్క వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుందని మన అమ్మలకు తెలుసు. అదే సంగతిని పాఠంలో తెలియని భాషలో, తెలియని మాటలతో చెబితే పిల్లవాడు దాన్ని బట్టీ పడతాడు. తన వంటింట్లో జరిగేదీ పుస్తకంలో ఉన్నదీ ఒకటేనని వాడికి తట్టదు. రాజాజీ ఈ లోటును గుర్తించారు. తర్వాతి కాలంలో రసాయన శాస్త్రం మీద తమిళంలో ఒక చిన్న పుస్తకం రాసి దానికి తిణ్ణై రసాయనం అని పేరు పెట్టారు. తిణ్ణై అంటే మన తిన్నె. ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని మాట్లాడుకునేంత తేలిగ్గా శాస్త్రం చెప్పవచ్చన్నది ఆ పేరులోనే ఉంది.

ఆలస్యంగా చేరిన తంతి

1919 మార్చిలో గాంధీజీ మద్రాసు వచ్చారు. అప్పటికి రాజాజీ సేలం నుంచి మద్రాసుకు మారారు. హిందూ పత్రిక అధిపతి కస్తూరి రంగ అయ్యంగారి బంగళాలో ఆయన కాపురం. గాంధీజీ అక్కడే దిగారు. రౌలట్ చట్టాన్ని ఎలా ఎదిరించాలని ఇద్దరూ రోజూ మాట్లాడుకునేవారు. ఒక తెల్లవారుజామున గాంధీజీకి సగం నిద్రలో ఒక ఆలోచన వచ్చింది. దేశమంతా ఒకే రోజు పనులు మాని ఉపవాసం, ప్రార్థన చేయాలి. ఆ మాట ఆయన మొదట చెప్పింది రాజాజీకే.

ఆలోచన పుట్టడం ఒక ఎత్తు. దాన్ని ఇంత పెద్ద దేశానికి చేర్చడం మరో ఎత్తు. నూటికి పది మందైనా చదువురాని కాలమది. పత్రికలు, తంతి, రైళ్లలో తిరిగే మనుషులు, ఊరి రచ్చబండలు, ఇవే దారులు. అయినా మాట పాకింది. ముందుగా మార్చి 30 అనుకున్నారు. తర్వాత దాన్ని ఏప్రిల్ 6కు మార్చారు. తేదీ మారిందన్న తంతి ఢిల్లీకి వేళ మించాక చేరింది. ఢిల్లీ మార్చి 30నే హర్తాళ్ జరిపేసింది. అక్కడ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. తంతి ఉన్నంత మాత్రాన మాట వేళకు అందుతుందన్న హామీ లేదని ఆ రోజు తేలింది.

తంతి గురించి ఈ తరం పిల్లలకు కొంచెం చెప్పాలి. మన దేశంలో 1850లలో తంతి సేవలు జనానికి అందుబాటులోకి వచ్చాయి. 2013 జులైలో ఆ సేవ మూతపడింది. మాటకు ఇంత అని డబ్బు లెక్క. అందుకే మాటలు పొదుపుగా వాడేవారు. తంతి ఎక్కువగా ఇంగ్లీషులోనే వచ్చేది. పల్లెలో తంతి వస్తే ఇల్లంతా గొల్లుమనేది. అందులో ఏముందో చదివేవాళ్లు ఇంట్లో ఉండేవారు కారు. కాగితం పట్టుకుని పోస్టుమాస్టరు దగ్గరికో, బడి అయ్యవారి దగ్గరికో పరుగెత్తేవారు. వందల మైళ్లు క్షణాల్లో దాటి వచ్చిన వార్త, ఇంటి గడప దగ్గర అర్థం కాక ఆగిపోయేది. కొడుక్కి ఉద్యోగం వచ్చిందన్న మాట తెలిసేలోపు తల్లి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఇళ్లు ఉండేవట.

చెట్టు కొమ్మలు చెప్పిన మాట

1930లో గాంధీజీ దండి యాత్ర చేసినప్పుడు దక్షిణాన రాజాజీ ఒక ఉప్పు యాత్ర నడిపారు. తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యం దాకా దాదాపు 240 కిలోమీటర్లు. దాదాపు వంద మంది సత్యాగ్రహులు. ఏప్రిల్ 13న బయల్దేరారు. నామక్కల్ కవి రామలింగం పిళ్లై ఈ యాత్ర కోసం ఒక పాట కట్టారు. దారి పొడవునా దాన్ని పాడుకుంటూ నడిచారు. చదువురాని వాళ్లకు ఆ పాటే పత్రిక.

తంజావూరు కలెక్టరు థార్న్ ఊరుకోలేదు. యాత్రికులకు అన్నం పెట్టినా, చోటు ఇచ్చినా శిక్ష తప్పదని పత్రికల్లో వేయించారు, కరపత్రాలు పంచారు, దండోరా వేయించారు. సర్కారు చేతిలో ఉన్న సాధనాలన్నీ వాడేశారు. దాంతో యాత్ర సంగతి తెలియని ఊళ్లకు కూడా తెలిసింది! జనం సర్కారుకు ఎదురు చెప్పలేదు. అన్నం పొట్లాలు కట్టి దారి పక్క చెట్ల కొమ్మలకు వేలాడదీశారు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరికోసమో మాత్రం నడిచేవాళ్లకు తెలుసు. అక్షరం లేదు, తీగ లేదు, యంత్రం లేదు. మాట మాత్రం చక్కగా అందింది. చెప్పేవారికీ వినేవారికీ మనసు కలిస్తే భాష కొమ్మకు కట్టిన మూటలో కూడా ఉంటుంది.

అంతకు ముందు ఏడాది రాజాజీ విమోచనం అనే తమిళ పత్రిక తెచ్చారు. తాగుడు మానమని చెప్పే పత్రిక అది. కల్కి కృష్ణమూర్తి అందులో పనిచేశారు. ఉపన్యాసాలు దంచితే పల్లె జనం వినరని వాళ్లకు తెలుసు. కథలు, బొమ్మలు, పాటలతో విషయం చెప్పారు. 1937లో రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యాక అక్టోబరు 1న మద్యనిషేధం మొదలుపెట్టింది కూడా మన సేలం జిల్లాలోనే. అప్పట్లో మన హోసూరు, కృష్ణగిరి తాలూకాలు అందులోవే.

ఒక ఉత్తర్వు, ఒక గాయం

ఆనాటి మద్రాసు రాష్ట్రంలో తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడేవారు కలిసి ఉండేవారు. శాసనసభలో మాట కలవాలంటే ఇంగ్లీషే గతి. ఇంగ్లీషు దొరల భాష. దాని చోట మన దేశపు భాష ఒకటి ఉండాలన్నది స్వాతంత్ర్య సమర కాలపు ఆలోచన. 1918లోనే గాంధీజీ మద్రాసులో హిందీ ప్రచారం మొదలుపెట్టించారు. ఆయన కొడుకు దేవదాసు గాంధీ స్వయంగా వచ్చి హిందీ నేర్పారు. ఆ దేవదాసే తర్వాత 1933లో రాజాజీ కూతురు లక్ష్మిని పెళ్లాడారు. ఆ హిందీ తరగతులకు జనం ఇష్టంగా వెళ్లారు. ఎవరూ బలవంతం చేయలేదు.

1938 ఏప్రిల్‌లో రాజాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. 125 ఉన్నత పాఠశాలల్లో హిందీ తప్పనిసరి. ఇష్టంగా సాగుతున్నది కాస్తా తప్పనిసరి కావడంతో తమిళ జిల్లాల్లో మంట రేగింది. రాజాజీకి పాత మిత్రుడైన పెరియార్ రామస్వామి ఆందోళనకు ముందు నిలిచారు. వెయ్యి మందికి పైగా జైలుకు వెళ్లారు. పసిపిల్లల్ని చంకనేసుకుని జైలుకు వెళ్లిన తల్లులున్నారు. నటరాజన్, తాళముత్తు అనే ఇద్దరు యువకులు 1939లో నిర్బంధంలో ఉండగా చనిపోయారు. రాజాజీ ప్రభుత్వం తగ్గలేదు. 1939 అక్టోబరులో యుద్ధం కారణంగా కాంగ్రెసు ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. 1940 ఫిబ్రవరిలో గవర్నరు ఆ ఉత్తర్వును రద్దు చేశారు.

సరిగ్గా అదే 1938లో, జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. అది తమిళంలో మాట్లాడింది, తెలుగులోనూ మాట్లాడింది. 1948 చివర్లో విజయవాడ కేంద్రం వచ్చేదాకా తెలుగు జిల్లాల వాళ్లు చెవులు రిక్కించి విన్నది ఎక్కువగా మద్రాసు తెలుగునే. వినమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. రేడియో పెట్టె ఉన్న ఇంటి ముందు ఊరంతా గుమిగూడింది. ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం. ఒక భాష హాజరుపట్టీతో వచ్చింది, మనసులు విరిగాయి. ఇంకో చోట మాట పాటతో వచ్చింది, జనం దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఈ తేడాను రాజాజీ ఆ రోజుల్లో లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు.

తిరిగి ఆలోచించిన మనిషి

తర్వాత ఆయన బెంగాల్ గవర్నరయ్యారు. 1948 జూన్ నుంచి 1950 జనవరి 26 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. 1952లో మళ్లీ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు.

తెలుగువారికి ఆ రోజులు చేదు జ్ఞాపకం. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు నగరం రాలేదు. మద్రాసు విషయంలో రాజాజీ తెలుగువారి కోరికకు అడ్డుగా నిలిచారన్న కోపం పాత తరంలో చాలాకాలం ఉండేది. ఆ కోపాన్ని దాచి ఆయన జీవితం చెప్పడం సరికాదు. హోసూరు, కృష్ణగిరి తాలూకాల తెలుగువారు ఈ గీతకు ఇవతలే ఉండిపోయారు. రాష్ట్రాలకు హద్దులు గీస్తారు, భాషలకు గీయలేరు. అందుకే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలని అది చెబుతుంది. మన తెలుగు బడులు నిలబడే నేల అదే.

1949లో రాజ్యాంగ సభ హిందీని కేంద్ర ప్రభుత్వపు అధికార భాషగా తీర్మానించింది. ఇంగ్లీషు పదిహేనేళ్లు కొనసాగాలని చెప్పింది. అంటే 1965 జనవరి 26 దాకా. ఆ గడువు దగ్గరపడుతుంటే రాజాజీ తన పాత మాటను తిరిగి తూచారు. 1957, 58 నాటికి ఆయన హిందీని ఏకైక అధికార భాష చేయడాన్ని గట్టిగా ఎదిరించేవారిలో ఒకరయ్యారు. 1938లో ఆయన మీద కేకలు వేసినవాళ్లు ఇప్పుడు ఆయన పక్కన కూర్చున్నారు. మాట మార్చాడని నవ్వినవాళ్లూ ఉన్నారు.

ఆయన వాదన ఇది. కొందరికి తల్లిపాలతో వచ్చే భాషను అందరికీ అధికార భాష చేస్తే ఉద్యోగాల్లో, పరీక్షల్లో ఆ కొందరు ముందే సగం దూరంలో నిలబడి పరుగు మొదలుపెడతారు. ఇంగ్లీషు ఎవరి తల్లిభాషా కాదు కనుక అందరూ ఒకే గీత మీద నిలబడతారు. 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు ఇది ఆయన కళ్ల ముందే కనిపించింది. ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా. పక్కన బొంబాయి పార్సీ మినూ మసానీ, గుజరాతీ కె.ఎం. మున్షీ. వీళ్లంతా ఒక బల్ల చుట్టూ కూర్చుంటే కలిసిన భాష ఇంగ్లీషు. రాజాజీ వారం వారం రాసిన స్వరాజ్య పత్రిక ఇంగ్లీషుదే. దాన్ని 1956లో ప్రారంభించిన ఖాసా సుబ్బారావు నెల్లూరు జిల్లాకు చెందిన తెలుగువాడు.

ఈ వాదనలో బలం ఉంది, లోటు కూడా ఉంది. ఇంగ్లీషు అందరికీ ఒకే దూరంలో ఉందన్నది చదువుకున్న ఇళ్ల లెక్క. సూళగిరి పక్కన పల్లెలో మేకలు కాసే ఇంటి పిల్లకు, మద్రాసులో వకీలు ఇంటి పిల్లకు ఇంగ్లీషు ఒకే దూరంలో లేదు. భాషల మధ్య సమానత్వం గురించి ఆలోచించిన పెద్దాయన ఇళ్ల మధ్య ఉన్న ఎత్తుపల్లాన్ని అంతగా పట్టించుకోలేదు.

1965లో మళ్లీ పెద్ద ఆందోళన జరిగింది. 1967లో అధికార భాషల చట్టాన్ని సవరించి ఇంగ్లీషు కొనసాగింపుకు భరోసా ఇచ్చారు. మరుసటి ఏడాది తమిళనాడు రెండు భాషల విధానం తీసుకుంది. 1938లో బడి మెట్ల మీద మొదలైన వాదన ఇప్పటికీ ముగియలేదు.

ముసలితనంలో పాటలు, కథలు

ఇంగ్లీషును ఆయన వాదనకే కాక పెద్ద అవసరాలకూ వాడారు. అణ్వస్త్ర పరీక్షలు ఆపాలని అడగడానికి 1962లో, ఎనభై మూడేళ్ల వయసులో, అమెరికా వెళ్లి అధ్యక్షుడు కెన్నెడీని కలిశారు. 1966 అక్టోబరులో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కచేరీ చేశారు. అందులో ఆమె కంచి పరమాచార్య రాసిన సంస్కృత గీతం పాడారు. రాజాజీ ఇంగ్లీషులో రాసిచ్చిన ప్రార్థన కూడా పాడారు. తొరపల్లిలో పుట్టినవాడి మాట, మదురైలో పుట్టినామె గొంతు, వినేవాళ్లు ప్రపంచం నలుమూలలవాళ్లు. ఉమ్మడి భాష మంచిగా పనిచేస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయినా జనం గుండెల్లో ఆయన నిలిచింది ఎక్కువగా తమిళంలో చెప్పిన కథలతో. కల్కి వారపత్రికలో భారతం, రామాయణం వరుసగా రాశారు. పండితుల తమిళం పక్కనపెట్టి ఇంట్లో తాత మనవళ్లకు చెప్పినట్టు రాశారు. ఆయన రామాయణానికి 1958లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తన భారతాన్ని తనే ఇంగ్లీషులోకి తెచ్చారు. భారతీయ విద్యాభవన్ దాన్ని 1951లో అచ్చువేసింది. మిగతా రాష్ట్రాల పిల్లలు దాన్నే చదివారు. మొదట ఇంటి భాషలో గట్టిగా చెప్పి తర్వాత ఉమ్మడి భాషలోకి తీసుకువెళ్లారు. వరుస గమనించండి. ఇల్లు ముందు, వీధి తర్వాత.

1972 డిసెంబరు 25న, తొంభై నాలుగేళ్ల వయసులో, మద్రాసులో రాజాజీ కన్నుమూశారు. ఆయన అంత్యక్రియలకు వృద్ధుడైన పెరియార్ చక్రాల కుర్చీలో వచ్చి కన్నీరు పెట్టుకున్నారు. భాష గురించి ఇద్దరూ జీవితమంతా పోట్లాడుకున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాత్రం మానలేదు.

మన చేతిలోని ఫోను

ఇప్పుడు మన సంగతి. హోసూరు సిప్‌కాట్ కార్ఖానాల దగ్గర సాయంత్రం నిలబడితే హిందీ వినిపిస్తుంది. ఉత్తరాది నుంచి పనికి వచ్చినవాళ్ల పుణ్యాన టీకొట్టు వాళ్లు, కూరగాయలమ్మే వాళ్లు నాలుగు హిందీ ముక్కలు నేర్చుకున్నారు. వాళ్లూ మన దగ్గర తమిళం, తెలుగు, కన్నడం కొద్దికొద్దిగా పట్టుకున్నారు. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు. అవసరం నేర్పింది, స్నేహం నేర్పింది. 1938లో సర్కారు చేయలేని పనిని ఇవాళ టీకొట్టు చేస్తోంది.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత మన బడుల పిల్లలు తెలుగు, ఇంగ్లీషుతో పాటు తమిళమూ చదవాలి. తమిళం మనకు పరాయిది కాదు, చుట్టూ ఉన్న భాష. దాన్ని బాగా నేర్చుకోవాలి. అందులో ఉద్యోగం ఉంది, ఇరుగుపొరుగు ఉంది. అయితే ఒకటి నేర్చుకోవడానికి ఇంకొకటి వదిలేయాలన్న లెక్క ఎక్కడా లేదు. సంతలో మూడు భాషలు మాట్లాడే అవ్వ ఏదీ వదల్లేదు కదా!

చిక్కు ఎక్కడుందంటే రాయడంలో ఉంది. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు. ఫోను పట్టుకోగానే అదే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. కల్లు, కళ్లు రెండూ ఒకేలా వస్తాయి. పాలు, పాళ్లు కలిసిపోతాయి. మెల్లగా అక్షరం చేతి నుంచి జారుతుంది. ఒకప్పుడు తంతి ఇంగ్లీషులో వస్తే చదివే మనిషి కోసం ఊరంతా తిరిగారు. ఆనాడు యంత్రానికి మన అక్షరం రాదు. ఇవాళ ఆ సాకు లేదు. 1991లో యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2011 నుంచి గూగుల్ అనువాదంలో తెలుగు ఉంది. ఏ ఫోనులోనైనా తెలుగు మీటలు పెట్టుకోవచ్చు. నోటితో చెబితే రాసే సదుపాయం కూడా వచ్చింది.

ఇంకో సంగతి తెలుసుకోవాలి. అనువాదం చేసే యంత్రం మనుషులు రాసిన దాన్ని చూసే నేర్చుకుంటుంది. గుంటూరు వాళ్లు, హైదరాబాదు వాళ్లు ఎక్కువ రాస్తే వాళ్ల తెలుగే దానికి బాగా వస్తుంది. మన హోసూరు తెలుగు, కృష్ణగిరి తెలుగు ఎక్కడా రాసి ఉండకపోతే దానికి మన మాట అర్థం కాదు. మనం అడిగితే తప్పు జవాబు చెబుతుంది, లేదా ఇంకో చోటి మాట మన నోట్లో పెడుతుంది. ఒక తరం అలా గడిస్తే మన పిల్లలే తమ అవ్వ మాటను తప్పనుకుంటారు. రాజాజీ 1916లో శాస్త్రానికి తమిళ మాటలు వెతికింది ఈ భయంతోనే. కొత్త విద్య వచ్చినప్పుడు అందులో మన మాట లేకపోతే ఆ విద్య మనది కాదు.

పిల్లలూ, ఈ డిసెంబరులో ఒక పని చేయండి. మీ ఇంట్లో అవ్వనో తాతనో కూర్చోబెట్టుకోండి. పొలం, వంట, పశువులు, వానల గురించి మన వైపు వాడే ఇరవై మాటలు అడగండి. వాటిని నోటుపుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాయండి. పక్కన తమిళంలో, కన్నడంలో ఏమంటారో పక్కింటి స్నేహితుణ్ణి అడిగి రాయండి. తర్వాత ఆ పట్టికను ఫోనులో తెలుగు మీటలతో కొట్టి మీ తరగతి వాట్సాప్ గుంపులో పెట్టండి. అయ్యవార్లు, టీచరమ్మలు ఆ పట్టికల్ని ఒక చోట చేర్చి బడి గోడపత్రికలో అతికించవచ్చు. వీలైతే తొరపల్లి స్మారక మందిరం చూసి రండి. వెళ్లినప్పుడు మీ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. దారిలో వినిపించే కొత్త మాటలు కూడా రాసుకోవచ్చు.